బల్ల మీద ఇంటూ

మాస్టారి ఎదుటే మాస్టారి గురించి మాట్లాడుకోవడం ఆ ఇంట్లో అలవాటైపోయింది. జబ్బు చేయకముందు ఆయన దుకాణంలో లేనప్పుడు కూడా ఆయన ప్రస్తావన వస్తే గొంతు తగ్గించేవారు. ఇప్పుడు ఆయన కుర్చీకి ఆనుకుని నిలబడి, ఆయన తల మీదుగా, పిట్టగోడకు అటూ ఇటూ చేరిన ఇరుగుపొరుగుల్లా మాట్లాడుకుంటున్నారు.

"అన్నయ్య తిన్నాడా వదినా?" అని మరిది ఆ పొద్దున కూడా గుమ్మంలోంచే అడిగాడు. అన్నయ్య నోట్లో అప్పటికింకా ముద్ద ఉంది.

"తింటున్నారు," అంది వదిన. ఆమె అతనికే కాదు, వీధి మొత్తానికీ వదినే. ముందుగదిలో కుట్టు దుకాణం, వెనకగదిలో కాపురం. రెంటికీ మధ్య ఒక్క తెర మాత్రమే ఉండడం వల్లా, ఆమె గొంతు కాస్త పెద్దది కావడం వల్లా, ఆ ఇంటి సంగతులు వీధికి చేరడానికి వేరే సాధనం అక్కర్లేకపోయింది.

పక్షవాతం మాస్టారి కుడిచేతినీ మాటనూ పట్టుకుపోయింది. చెయ్యి కొంచెం కొంచెంగా తిరిగివస్తోంది. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది: "అదే." ఆకలేసినా అదే, దాహమేసినా అదే, ముక్కు మీద ఈగ వాలినా అదే. తల ఊపడం కూడా ఆయన స్వాధీనంలో లేదు. అవునన్నా కాదన్నా అది ఒకే పక్కకు వాలేది. ఆసుపత్రిలో బొమ్మలు చూపించి, ప్రశ్నలు అడిగి, ఒక్కదానికీ సరైన జవాబు రాలేదని తేల్చారు. పరీక్ష జరుగుతున్నంతసేపూ వదినను బయటే కూర్చోబెట్టారు. "మనం అనేదేదీ ఆయనకు అందడం లేదమ్మా. ఆశ పెట్టుకోకండి" అని అక్కడి మనిషి తలుపు సందులోంచి చెప్పిన మాట ఆమె చెవిలో ముల్లులా దిగిపోయింది.

మరిది కత్తిరింపు బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. నిలబడి పనిచేసే మనిషి నడుము ఎత్తుకు చేయించిన పెద్ద బల్ల అది. ఏళ్ళ తరబడి గుడ్డ రాపిడికి అంచులు అద్దంలా నునుపెక్కాయి. నడిమి చెక్క నిండా కత్తెర మొన గీతలు.

"గాజు అలమర ఇక్కడ అతికినట్టు సరిపోతుంది," అన్నాడతను. "రెడీమేడ్ చొక్కాలు పెట్టేసుకుంటే నీకు మిషన్ తొక్కే బాధ తప్పుతుంది, అన్నయ్యకు విశ్రాంతి. వడ్రంగికి కబురు పెట్టాను. ఎల్లుండి వచ్చి బల్ల ఊడదీస్తాడు."

"ఆయన్ను అడగకుండానా?"

"అడక్కేం? నాకేమైనా భయమా?" మరిది వంగి, మాస్టారి చెవి దగ్గర నోరు పెట్టి, నదికి అవతలి ఒడ్డునున్న మనిషిని పిలిచినట్టు అరిచాడు. "అన్నయ్యా! ఈ బల్ల! ఉంచాలా?"

మాస్టారి చెవులకు ఏ లోపమూ లేదు. ఆయన ముఖం వెనక్కి తీసుకుని, ముద్ద మింగారు. తమ్ముణ్ణి చూశారు, బల్లను చూశారు. ఎడమచెయ్యి చాచి సొరుగు లాగి, అడుగున పడివున్న సుద్దబిళ్ళ వెతికి పట్టుకున్నారు. బల్ల అంచున అరచెయ్యంత ఇంటూ గుర్తు వేశారు. ఎడమచేత్తో వేసినా గీతలు రెండూ నడిమధ్య సరిగ్గా కలిశాయి.

"అదే," అన్నారు.

"చూశావా వదినా! తనే కొట్టేశాడు. ఇంక నీకు అనుమానం అక్కర్లేదు."

"కొట్టేశారో, ఊరికే గీశారో! అర్థమయ్యే మనిషైతే ఈ గోల ఎందుకు?" అంది వదిన, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

అన్నయ్యకు ఏమీ అర్థం కాదని నలుగురికీ చెబుతూ వచ్చిన తమ్ముడు, తనకు అనుకూలంగా ఉంది కాబట్టి ఆ గుర్తును నిండు సమ్మతిగా స్వీకరించాడు. ఏమీ అర్థం కాదని నమ్మేసింది కాబట్టి భార్య దాన్ని గీతలుగా తప్ప చూడలేదు. ఇద్దరిలో ఎవరికీ దాని గురించి మరో మాట అనుకోవలసిన అవసరం కనిపించలేదు. వదిన ముద్దగిన్నె తీసి, లైనింగు గుడ్డల మూట తెచ్చి, సరిగ్గా ఆ గుర్తు మీదే దించింది.

మాస్టారు మూటకేసి చూశారు. "అదే," అన్నారు మళ్ళీ, ఈసారి తగ్గిన గొంతుతో. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ గుమ్మం దాటి మిషన్ పాదం దాకా వచ్చిన వేళ, చేతిసంచీతో ఒక అమ్మాయి వచ్చి మాస్టారి ఇల్లు ఇదేనా అని అడిగింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిందట. మాట పడిపోయినవాళ్ళకు మాట నేర్పడం ఆమె పని.

"మాటల డాక్టరమ్మ అన్నమాట!" అంటూ మిషన్ దగ్గర ఉన్న పొడుగు లేచి స్టూలు వేసింది. పొడుగు ఆ దుకాణంలో కుట్టుపని చేసే మనిషి. ఎత్తును బట్టి మాస్టారే ఆ పేరు పెట్టారు. అసలు పేరు పిలిస్తే ఆమె పలకడం మానేసి చాలా కాలమైంది.

"డాక్టర్ని కాదండీ. సాధన చేయిస్తాను, అంతే."

"అయితే కొంచెం మా వదిన మాటలు తీసి మాస్టారికి పెట్టండి. ఆవిడ దగ్గర నిల్వ ఎక్కువ."

"నోర్ముయ్యవే! కాలరు అయిందా?" అంది వదిన. వచ్చినామె వైపు తిరిగి, "మళ్ళీ పరీక్షలు ఎందుకమ్మా? ఒక్కటీ సరిగ్గా చెప్పలేదన్నారుగా" అంది. ఆ మాట మాస్టారి తల మీదుగానే అంది.

మాటల డాక్టరమ్మ స్టూలు జరుపుకుని మాస్టారి ఎదురుగా, ఆయన కళ్ళు తన కళ్ళకు సమంగా ఉండేలా కూర్చుంది. "నమస్కారమండీ. మీ గురించి మీ ఆవిడతో మాట్లాడతాను, మీరూ వినండి" అని ముందు ఆయనకు చెప్పింది. తర్వాతే వదినతో అంది: "ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు కాబట్టే వచ్చాను."

"అదేం చోద్యం?"

"ఏమీ తెలియనివారు ఊరికే ఏదో ఒకటి చూపిస్తే, అందులో కొన్ని పొరపాటున ఒప్పయి తీరాలి కదండీ. కళ్ళు మూసుకుని చెట్టు మీదకు రాళ్ళు విసిరితే ఒక్క కాయైనా రాలకుండా ఉంటుందా? ఈయన అడిగినవన్నీ తప్పు చెప్పారు. ఒక్కటి కూడా తప్పిపోయి ఒప్పు కాలేదు. ప్రతిసారీ గురి తప్పాలంటే గురి ఎక్కడుందో తెలిసుండాలి."

వదిన చేతిలోని సూది ఆగిపోయింది. ఆ లెక్క ఆమెకు సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలా ప్రమాదకరంగా తోచింది.

"అంటే తెలిసీ కావాలని తప్పు చెప్పారంటారా?" గిర్రున మాస్టారి వైపు తిరిగింది. "ఏమండీ! ఆసుపత్రిలో వాళ్ళతో వేళాకోళాలా మీకు? ఇక్కడ నేను ఏడ్చి చస్తుంటే, అక్కడ కూర్చుని మొండికేశారా?"

"అదే!" అన్నారు మాస్టారు గట్టిగా. కనుబొమలు రెండూ పైకి లేచాయి. ఆ 'అదే'లో 'చాల్లే, సంబడం' అన్న మాట నిలువునా వినిపించింది.

ఆయన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో వదినకు అప్పుడు గుర్తొచ్చింది. జబ్బు చేసిన నాటినుంచీ తినిపించింది, తుడిచింది, కప్పింది, జాలిపడింది. ఒక్కసారి తిట్టలేదు. తిట్టాలంటే ఎదుట మనిషి ఉండాలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, మూతి మాత్రం చిత్రంగా నవ్వుకు సిద్ధపడింది.

"కావాలని అని నేననడం లేదండీ," అంది మాటల డాక్టరమ్మ నెమ్మదిగా. "ఎందుకో తెలియదు. తెలియనప్పుడు ముందే ఏదో ఒకటి నమ్మేయకూడదు. కాసేపు ఇక్కడ కూర్చుంటాను. మీ పని మీరు చేసుకోండి."

ఆమె సంచీ కూడా విప్పలేదు. పనికి వచ్చిన మనిషి పని చేయకుండా చూస్తూ కూర్చోవడం వదినకు నచ్చలేదు గానీ, మర్యాద కొద్దీ ఊరుకుంది. మిషన్ మళ్ళీ మొదలైంది. పొడుగు కాలు ఆడుతుంటే సూది కింద నీలం చొక్కా పొట్టిపొట్టి అడుగులు వేసుకుంటూ ముందుకు జరిగింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. కానీ మిషన్ శబ్దం మలుపు దగ్గర తడబడినప్పుడల్లా ఆయన వేళ్ళు కుర్చీ చేతిని తట్టాయి. మాటల డాక్టరమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది.

చొక్కా ముగించి, దారం పంటితో తెంచి, వదినకు చూపిద్దామని పొడుగు కుర్చీ పక్కనుంచి వెళుతోంది. మాస్టారి ఎడమచెయ్యి చటుక్కున చొక్కా అంచు పట్టుకుంది.

"ఇదిగో, మాస్టారు లాగుతున్నారు వదినా!"

"ఇవ్వవే. చూసుకోనీ."

ఆయన చొక్కాను ఒళ్ళో పరుచుకున్నారు. కళ్ళతో కాదు, బొటనవేలితో చూశారు. కాలరు మీదుగా భుజానికి, భుజం మీదుగా చంక కుట్టుకు వేలు నెమ్మదిగా జారింది. చంక దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. కంటికి ఆనని చిన్న ముడత. ఆయన చుట్టూ తడుముకోవడం చూసి, వదిన సొరుగులోని సుద్దబిళ్ళ తీసి అందించింది. ఎందుకు అందించిందో ఆమెకే తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి అలా తడుముకుంటే ఈ చెయ్యి అలా అందించింది, అంతే.

మాస్టారు ముడత మీద సుద్దతో రైటు గుర్తు వేశారు. చిన్న గీత కిందికి, పొడుగు గీత పైకి.

"అయ్యయ్యో, మళ్ళీనా! ఇంత జబ్బులోనూ వదలరా మాస్టారూ?" అని నుదురు కొట్టుకుని, మిషన్ ముందు కూలబడింది పొడుగు. బ్లేడు తీసుకుని చంక కుట్టు టపటపా తెంపసాగింది.

మాటల డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఆగండాగండి! ఎందుకు విప్పుతున్నారు?"

"బాగాలేదన్నారుగా."

"ఎప్పుడన్నారు? రైటు గుర్తు పెట్టారు కదా!"

"అందుకేగా విప్పుతున్నాను," అంది పొడుగు, ఈ చదువుకున్నవాళ్ళకు ఎంత చెప్పినా తక్కువే అన్నట్టు.

మాటల డాక్టరమ్మ చాలా జాగ్రత్తగా, నిండు గ్లాసు మోస్తున్నట్టు అడిగింది: "మరి బాగుంటే ఏ గుర్తు పెడతారు?"

"ఇంటూ," అంది వదిన. "దారం మీద దారం పడితే కుట్టు. ఇంటూ అంటే కుట్టు, బాగుంది, ఉంచు అని. ఇది..." రైటు గుర్తును వేలితో గాలిలో గీసింది. "ఇది తెరిచిన కత్తెర నోరు. కోసెయ్, విప్పెయ్, పనికిరాదు అని. మా దుకాణంలో ఎప్పటినుంచో అంతే. మాస్టారు మాట్లాడేదే తక్కువ. ఈ గదిలో మాటల పనంతా సుద్దే చేసేది." చెబుతూ చెబుతూ ఆమె గొంతు సన్నబడింది. "ఆసుపత్రిలో... మీరు ఏం చూపించి అడిగారమ్మా?"

మాటల డాక్టరమ్మ సంచీలోంచి రెండు అట్టముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. 'అవును' అనడానికి తాకవలసిన దాని మీద పచ్చరంగు రైటు గుర్తు. 'కాదు' అనడానికి తాకవలసిన దాని మీద ఎర్రరంగు ఇంటూ.

ముందు నవ్వింది పొడుగు. బ్లేడు కింద పడేసి, గోడకు చేరగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత వదిన. మాటల డాక్టరమ్మ మాత్రం పెదవి బిగబట్టి, "ఆగండి, ఇంకా తేలలేదు. చూడనివ్వండి" అంటూ మళ్ళీ ఆయన ఎదురుగా కూర్చుంది. నవ్వు ఆమె బుగ్గల్లో అప్పటికే తొంగిచూస్తోంది.

కత్తెర పైకెత్తింది. "ఇది కత్తెరేనా?" మాస్టారి వేలు ఇంటూ మీద పడింది. టేపు చూపించింది. "ఇది ఇస్త్రీపెట్టె కదూ?" వేలు రైటు గుర్తు మీద పడింది. "మనం బయట వానలో కూర్చున్నామా?" రైటు. "ఈ చొక్కా నీలమేనా?" ఇంటూ.

అంతటితో ఆమె తృప్తిపడలేదు. అట్టముక్కలు రెండూ సంచీలో పడేసి, ఒక గుండీ, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఒక అంగుస్తానా అడిగి తీసుకుంది. గుండీ అంటే అవును, అంగుస్తానా అంటే కాదు అని ఆయనకు విడమరిచి చెప్పి, మళ్ళీ మొదటినుంచీ అడిగింది. గుర్తులు మారినా జవాబులు మారలేదు. ఒక్క జవాబూ తప్పలేదు. అప్పుడు, అప్పుడే, ఆమె నవ్వింది.

"నన్నొకటి అడగనియ్యమ్మా," అని పొడుగు ముందుకొచ్చింది. "మాస్టారూ, మా వదిన చాలా తక్కువ మాట్లాడుతుంది కదా?"

మాస్టారు అంగుస్తానాను వేలితో తాకలేదు. తీసి, బల్ల మీద టకటకా కొట్టారు.

"మీ ఇద్దరి పని తర్వాత చెబుతాను!" అంటూ వదిన నవ్వుతూనే లైనింగు మూట జరిపింది, ఆ అమ్మాయికి టీ గ్లాసు పెట్టడానికి చోటు చేద్దామని. మూట కింద సుద్ద గీతలు కాస్త చెదిరాయి గానీ, అరచెయ్యంత ఇంటూ ఉన్నచోటే ఉంది.

ఆమె గ్లాసు పట్టుకునే నిలబడిపోయింది. ఆ గుర్తు నిన్న పొద్దుటినుంచీ అక్కడే ఉంది. అది చదవడం ఆమెకు రాక కాదు. ఈ వీధిలో దాన్ని ఆమెకంటే బాగా చదివేవారు లేరు. అందులో అర్థం ఉండదని ముందే అనుకుంది, అంతే. అనుకుని దాని మీద మూట పెట్టింది.

"ఏమండీ," అంది. ఈసారి ఆయన తల మీదుగా కాదు, ఆయన మొహంలోకి. "ఈ బల్ల ఉంచాలా?"

మాస్టారు గుండీ వైపు చూడలేదు, అట్టల వైపూ చూడలేదు. ఎడమచెయ్యి చాచి, తన ఇంటూ మీదే పరిచారు.

"అదే," అన్నారు. ఆ మాటకు ఆ గదిలో ఎవరికీ వివరణ కావలసి రాలేదు.

వడ్రంగిని వెంటబెట్టుకుని మరిది చెప్పినరోజే వచ్చాడు. కొత్త రెడీమేడ్ చొక్కా వేసుకుని వచ్చాడు. సరుకు ఎంత బాగుంటుందో వదినకు కళ్ళారా చూపించాలని అతని ఉద్దేశం. పొడుగు అతని జేబు వైపు చూసి, గబుక్కున మిషన్ మీదకు వంగింది.

"బల్ల ఇదే," అన్నాడు మరిది. "మూలలనుంచి ఊడదియ్యి."

"ఉండు మరిదీ, మీ అన్నయ్యను ఒక్కసారి అడుగు," అంది వదిన. ఆమె గొంతులో తేనె ఎక్కువైన సంగతి అతను గమనించలేదు.

"మొన్నే అడిగాం కదా! తనే కొట్టేశాడాయె."

"మళ్ళీ అడుగు. మెల్లగా అడుగు. ఆయనకేం చెవుడు లేదు."

మరిది వంగాడు. "అన్నయ్యా, ఈ బల్ల తీసేసి అలమర పెడుతున్నాను. మంచిపనేనా?"

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. ఎడమచేతి వేలితో దగ్గరికి రమ్మన్నారు. ఇంకా దగ్గరికి. జేబు కుట్టు మీద బొటనవేలు నడిపించి, సుద్దబిళ్ళ తీసుకుని, కొత్త చొక్కా జేబు మీద పెద్ద రైటు గుర్తు వేశారు.

మరిది మొహం వెలిగిపోయింది. ఛాతీ ముందుకు చాచి వడ్రంగికీ, పొడుగుకూ, వీధి గుమ్మానికీ వరసగా చూపించాడు. "చూశారా? రైటన్నాడు! ఇంతకంటే ఏం కావాలి?"

పొడుగు కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా లాభం లేకపోయింది.

"ఎందుకు నవ్వుతుంది వదినా అది?"

"ఏం లేదు మరిదీ. నువ్వు ఆ చొక్కా విప్పాలి."

"విప్పడమేంటి?"

"జేబు వంకరగా ఉందట. ఊడదీసి కుట్టాలంటున్నారు మీ అన్నయ్య."

బోధపరచడానికి కాస్త సమయం పట్టింది. వదిన చెప్పింది, పొడుగు నటించి చూపింది. నమ్మకం కుదరక మరిది తానే అన్నయ్యను పది అడ్డదిడ్డపు ప్రశ్నలు వేశాడు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టింది ఎవరు, నేనా, నువ్వా అని కూడా అడిగాడు. మాస్టారు సుద్దబిళ్ళ ఎత్తి తమ్ముడివైపే చూపించారు. మరిది తల గీరుకున్నాడు. ఆ తర్వాత అతను అన్నయ్య కుర్చీ ముందు నేల మీద చతికిలబడి, చాలాసేపు ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"మరి నన్నెందుకు పిలిపించినట్టు?" అన్నాడు వడ్రంగి, ఉలి చేత్తో పట్టుకుని.

"పని ఉంది," అంది వదిన. "మా ఆయన ఇక నిలబడి కత్తిరించలేరు. పొడుగు కత్తిరిస్తుంది, ఆయన కూర్చుని గుర్తు పెడతారు. కానీ కుర్చీలో కూర్చుంటే బల్ల ఆయన గడ్డానికి తగులుతోంది."

కుర్చీని బల్ల దగ్గరికి జరిపారు. మాస్టారు మోచెయ్యి ఆనించి కొలుచుకుని, వంగి, బల్ల కాలు మీద సుద్దతో గుర్తు పెట్టారు. తక్కిన కాళ్ళకు టేపు పట్టింది పొడుగు. వడ్రంగి ముక్కు మీది కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "రైటు పెట్టారేంటి? అంటే బాగుందనా, కాలు ఇలాగే ఉండనిమ్మనా?"

"కొయ్యమని!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. అందులో మరిది గొంతే పెద్దది.

రంపం పొట్టు గుమ్మం దాకా రాలింది. బల్ల ఒక్కో కాలుగా కిందికి దిగి, చివరకు మాస్టారి మోచేతి కింద సరిగ్గా కుదురుకుంది. పైన ఇంటూ చెక్కుచెదరలేదు. ఎవరూ తుడవలేదు. అలమర వరండాలోకి పోతుందని మరిది తనంతట తానే ప్రకటించాడు. బనియనుతో స్టూలు మీద కూర్చుని, పొడుగు తన జేబు ఊడదీసి కుట్టడాన్ని అతను అనుమానంగా చూస్తున్నాడు.

చొక్కా ముందు మాస్టారి ఒళ్ళోకి వెళ్ళింది. బొటనవేలు జేబు చుట్టూ తిరిగింది. ఎక్కడా ఆగలేదు. సుద్ద రెండుసార్లు కదిలింది.

మరిది చొక్కా అందుకుని, గుండీలు పెట్టుకుంటూ, గుమ్మంలో వెలుగులోకి వెళ్ళి జేబు కేసి చూసుకున్నాడు. అక్కడ చిన్న ఇంటూ ఉంది. అలవాటు కొద్దీ సుద్ద దులపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్నలాగే పెట్టుకుని, ఛాతీ కొంచెం ముందుకు చాచి, వీధిలోకి నడిచాడు.